రెండు భాషల న్యాయవాది

మన బళ్ళారి 1953 అక్టోబరు 1వ తేదీన మద్రాసు రాష్ట్రమును వీడి నాటి మైసూరు రాష్ట్రమున చేరినది. ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు పోయినవి. రాష్ట్రము మారినంతనే ఇంటి పెట్టెలోని దస్తావేజుల భాష మారదు గదా! తాతలనాటి క్రయపత్రములు తెలుగున నుండును. కోర్టులో నడచునది కన్నడము. ఈ రెంటి నడుమ నిలుచు సివిలు న్యాయవాదిని గూర్చి, ఆ వృత్తిని కోరు విద్యార్థులకు కొంత చెప్పదలచితిమి.

పట్టభద్రులకు 3 ఏండ్లు, పన్నెండవ తరగతి ముగించినవారికి 5 ఏండ్లు న్యాయశాస్త్ర పఠనము; 1961 నాటి న్యాయవాదుల చట్టము ననుసరించి బార్ కౌన్సిలులో నమోదు; అఖిలభారత బార్ పరీక్ష. పిమ్మట పెద్ద వకీలు నొద్ద జూనియరుగా గడపవలసిన కాలమును ఏ చట్టమును చెప్పదు. అసలు విద్య అబ్బునది అచ్చటనే.

ఒక రైతు విల్లు వ్రాయకయే మరణించె ననుకొందము. భార్య, తలిదండ్రులు, తోబుట్టువులు అంతకుముందే పోయిరి. ఒక్కగానొక్క కూతురును సంతు లేకయే గతించినది. "పొలము దున్నువాడు ఆయన అల్లుడే" అని సాక్షి క్రాసు విచారణలో ననును. మనము మేనల్లునిగూడ అల్లుడనియే పిలుతుము. కన్నడమున "అళియ" అనినను ఆ రెండర్థములును కలవు. కాని 1956 నాటి హిందూ వారసత్వ చట్టమున అక్కచెల్లెండ్ర కుమారుడు రెండవ తరగతి వారసులలో నొకడు. కూతురి భర్త వారసుడే కాడు. పొలమంతయు ఒక్క మాటపై నిలిచినది! మేనరికములుగల మన యిండ్లలో ఒక్కడే రెండు విధముల అల్లుడగుటయు కద్దు. నేర్పరియైన న్యాయవాది తన సాక్షిని మరల ప్రశ్నించునపుడు "మేనల్లుడే కదా?" అని జవాబును నోటికందింపడు, ప్రతిపక్షము ఆక్షేపించును. "అతని తల్లి యెవరు?" అని మాత్రమే యడుగును. "చచ్చిపోయినాయన అక్క" అను జవాబు ఏ భాషలోనికి మార్చినను చెడదు.

కొలతలును అట్టివే. మద్రాసునాటి దస్తావేజులలో ఎకరమునకు 100 సెంట్లు. కర్ణాటకపు పహణీలో ఎకరమునకు 40 గుంటలు. 50 సెంట్లనగా 20 గుంటలని యెరుగనివాడు దావాను మొదటి పుటలోనే చెరచును.

2002 నుండి సాక్షి మొదటి వాఙ్మూలము అఫిడవిట్టు రూపమున దాఖలగుచున్నది. కన్నడమున టైపు చేసిన ఆ కాగితముపై కన్నడము చదువరాని ముసలమ్మ వ్రేలిముద్ర వేయును. "ఇందేమున్నదో నీకు తెలియునా?" అని ప్రతిపక్షము అడుగక మానదు. ముందుగా తెలుగున వినిపించి, ఆమె కాదన్నచోట దిద్దినచో ఆమె తడబడదు. అందుకొక గంట పట్టును. ఫీజు రాని గంట అది.

వ్యాజ్యము ధారవాడలోని హైకోర్టు పీఠమునకు పోయినచో అచ్చట ఇంగ్లీషు. ఆ ముసలమ్మను అచ్చటికి మరల పిలువరు. క్రింది కోర్టులో వ్రాసికొన్న కాగితములనే చదువుదురు.