కుటుంబ వ్యాపారము - యజమాని ధర్మము

వర్తకమున సత్యము నిలువదని లోకమున నొక వాడుక కలదు. ఇంటియందు ధర్మపరులగు పెద్దమనుష్యులు సైతము దుకాణపు గడప దాటగనే వేరొక నీతి నవలంబించుట మనము చూచుచున్నాము. ఈ రెండు నీతులును ఒక్క కుటుంబమున చిరకాలము కలసి కాపురము చేయజాలవని మా యభిప్రాయము. ఇందుకు కలకత్తాలో జరిగిన యొక వృత్తాంతమును చదువరుల యెదుట నుంచుచున్నాము.

ద్వారకానాథ ఠాకూరుగారు 1834లో కార్, ఠాకూర్ అండ్ కంపెనీని స్థాపించిరి. నీలిమందు, పట్టు, బొగ్గు మొదలగు సరకులతో ఆ వ్యాపారము మిక్కిలి విస్తరించెను. లాభము వెంట నష్టమును గలదని యెరిగినవా రగుటచే వారు 1840లో కొన్ని జమీందారీలను ట్రస్టు దస్తావేజు మూలమున వేరుపరచి, ఋణదాతల కందకుండ సంతతివారికి కట్టడి చేసిరి. 1846లో వారు లండనునందు మరణించిరి. 1848లో యూనియన్ బ్యాంకు కూలెను. కంపెనీయు దివాలా తీసెను. ఋణము సుమారు 1 కోటి రూపాయలు. ఆస్తియు రావలసిన బాకీలును గలిపి 70 లక్షలు.

ఋణదాతల సభలో కంపెనీ యుద్యోగి లేచి, ట్రస్టు ఆస్తిని ఎవరును ముట్టజాలరని ప్రకటించెను. చట్టరీత్యా ఆ మాట సత్యమే. అయినను జ్యేష్ఠపుత్రులగు దేవేంద్రనాథులు, ఋణము తీరుటకై ఆ యాస్తినిగూడ నప్పగింతుమని చెప్పిరి. వంచనకు సిద్ధపడి వచ్చిన ఋణదాతల మనస్సులు కరగిపోయెను. కుటుంబపోషణకు ఏటికి 25,000 రూపాయలు వారే యేర్పరచిరి. దేవేంద్రనాథులు బండ్లను గుర్రములను వేలము వేయించి, నౌకర్లను తగ్గించి, పలు సంవత్సరములకు ఋణమును తీర్చిరి. తండ్రి యొక ధర్మసంస్థకు వాగ్దానము చేసిన లక్ష రూపాయలను సైతము వడ్డీతో చెల్లించిరి.

బిడ్డల నోటికూడు తీసి ఋణదాతకు పెట్టుట ధర్మమా యని కొంద రడుగవచ్చును. ఆ కుటుంబమునకు జమీందారీలు మిగిలినవి. 1890 ప్రాంతమున వానిని చూడబోయినవారు ఆయన కుమారులు రవీంద్రనాథులే. కాని ప్రతివారికిని ఇట్టి ఫలము కలుగునని మేము చెప్పము. ఫలము కలుగకున్నను ఋణము ఋణమే.

న్యాయవాదులమగు మాకు చట్టమునెడ గౌరవము కలదు. దాని పొలిమేరయు తెలియును. తెలుగుదేశమున చెల్లు మితాక్షరరీత్యా తండ్రి చేసిన న్యాయమైన ఋణము తీర్చుట పుత్రులకు విధి. 2005 నాటి సవరణ చట్టము, అటుపై చేసిన ఋణములకు ఆ విధిని మాత్రమే ఆధారముగా గొని పుత్రులపై దావా నడువదని శాసించినది. శాసనము తొలగినంతనే మాట నిలుపుకొను భారమును తొలగునా? దివాలా అర్జీకి ముందు ఇల్లు భార్యపేర, పొలము బావమరది పేర వ్రాయించుట న్యాయస్థానములలో మేము తరచు చూచు సంగతి. ఋణదాతలను వంచించుటకై చేసిన బదలాయింపును 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము 53వ సెక్షను క్రింద రద్దు చేయింపవచ్చును. కాని నమ్మి సొమ్ము దాచుకొన్న వితంతువును, జీతమునే దుకాణములో నిలువయుంచిన గుమాస్తాయు దావా ఖర్చుల నెచటనుండి తెత్తురు? చట్టము వారి కందునప్పటికి వారి యాయువు తీరిపోవును.

కావున కుటుంబ వ్యాపారమునకు పెద్దయైనవాడు మూడు నియమములను పాటింపవలయును. ఇంటి ఖర్చు వేరు, గల్లాపెట్టె వేరని యెంచి, తన కింతయని ముందే నిర్ణయించుకొని అంతకు మించి తీయరాదు. చిట్టాయు ఆవర్జాయు తమ్ములకును, వయస్సు వచ్చిన కుమారులకును, కుమార్తెలకును చూపవలయును. దాచిన లెక్కయే అన్నదమ్ముల వ్యాజ్యములకు మొదటి విత్తనము. పరుల సొమ్మును తన మూలధనముగా నెంచక, అప్పగింతగా నెంచి, నష్టము వచ్చిననాడు దానిని దాచక ముందుగా తెలియజెప్పవలయును.

కుమారుడు తండ్రి ఉపన్యాసములనుండి కాక తండ్రి లెక్కపుస్తకమునుండియే నీతి నేర్చుకొనును. చదువరులు తమ పుస్తకములు అట్టి పాఠమునకు తగియున్నవో లేవో నేడే విప్పి చూచుకొందురుగాక.