గొలుసు రంపం: ఎంపిక, వినియోగం, ఆత్మరక్షణ

కూర్చున్న కొమ్మను నరుక్కునేవాడిని తెలుగువారు అవివేకానికి ఉపమానంగా చెప్పుకుంటారు. ఐతే అమెరికాలో పెద్ద తుఫాను వెలిసిన మరునాడు ఆ పొరపాటును ఉన్నత విద్యావంతులు సైతం చేయగలరు. 2024 జూలైలో బెరిల్ తుఫాను హ్యూస్టన్ పరిసరాలలోను, అదే సంవత్సరం సెప్టెంబరులో హెలీన్ తుఫాను జార్జియా, కరోలినా రాష్ట్రాలలోను అసంఖ్యాకంగా వృక్షాలను నేలకూల్చాయి. తెలుగు కుటుంబాలు స్థిరనివాసం ఏర్పరచుకున్న ప్రాంతాలివి. పెరటిలోని ఓక్ చెట్టు విరిగి కంచె మీద పడినప్పుడు, నిపుణుడి కోసం వేచి ఉండలేక గృహస్థు తానే దుకాణానికి వెళ్ళి గొలుసు రంపం, అనగా చెయిన్ సా, కొని తెచ్చుకోవటం సహజం. ఆ యంత్రం ఎలా పనిచేస్తుందో, వృత్తినిపుణులు దానిని ఎలా ఎన్నుకుంటారో, ఏ కవచం ధరించి చేతబడతారో తెలుసుకోవటం ప్రాణరక్షణకు సంబంధించిన విషయం.

పురుగు నేర్పిన పాఠం

గొలుసుకు పళ్ళు అమర్చి కోసే పద్ధతి అడవిలో గాక వైద్యశాలలో పుట్టింది. 1830 ప్రాంతంలో బెర్న్‌హార్డ్ హైనె అనే జర్మన్ వైద్యుడు ఎముకలు కోయటానికి చేతితో తిప్పే చిన్న గొలుసు పరికరాన్ని రూపొందించాడు. 1926లో ఆండ్రియాస్ స్టీల్ విద్యుత్తుతో నడిచే కర్రకోత రంపాన్ని, 1929లో పెట్రోలుతో నడిచే దానిని తయారుచేశాడు. ఆనాటి గొలుసు పళ్ళు చేతిరంపపు పళ్ళవలె కర్రను గీరేవి, త్వరగా మొద్దుబారేవి. 1946లో ఆరెగన్ రాష్ట్రంలో జోసెఫ్ బ్యుఫర్డ్ కాక్స్ అనే కలపకోత పనివాడు, ఒక మొద్దును తొలుస్తున్న పురుగును పరికించాడు. దాని దవడలు కుడి ఎడమలకు మార్చి మార్చి కర్రను సునాయాసంగా కోస్తున్నాయి. ఆ అమరికను అనుకరించి అతడు చేసిన గొలుసే నేటి గొలుసులకు మూలరూపం.

ఈ పన్ను వడ్రంగి చిత్రిక వలె పనిచేస్తుంది. వెనుక పదునైన అంచు, ముందు చిన్న బుడిపె ఉంటాయి. బుడిపె అంచు కంటె సుమారు 0.025 అంగుళం తక్కువ ఎత్తులో ఉంటుంది. పన్ను ఒక్క పర్యాయానికి ఎంత లోతు కోయాలో నిర్ణయించేది ఆ తేడాయే. రంపం నుండి పేళ్ళు రాలుతుంటే పదును బాగున్నట్లు. మెత్తని పొట్టు రాలుతుంటే పదును పోయినట్లు. మొద్దుబారిన రంపాన్ని బలం పెట్టి నొక్కవలసి వస్తుంది. ప్రమాదానికి అదే తొలిమెట్టు. గుండ్రని ఆకురాయితో, సాధారణంగా 30 డిగ్రీల కోణంలో, ప్రతి పన్నునూ సమానంగా సానబెట్టాలి. బుడిపెను అతిగా అరగదీస్తే పన్ను మితిమీరి కొరుకుతుంది.

ఎదురుతన్ను

గొలుసు బారు పైభాగాన ముందుకు పరుగెత్తి, కొస వద్ద మలుపు తిరిగి, అడుగుభాగాన వెనుకకు వస్తుంది. బారు కొసలోని పై నాలుగవ భాగం కర్రకు తగిలితే పన్ను కోయలేనంత లోతుగా దిగబడి గొలుసు ఒక్కసారిగా నిలిచిపోతుంది. ఆ శక్తి బారును పైకి, వెనుకకు, రంపం పట్టిన మనిషి ముఖం వైపు విసురుతుంది. దీనినే కిక్‌బ్యాక్ అంటారు. మనిషి ప్రతిస్పందించే లోపే ఇది ముగిసిపోతుంది కాబట్టి నేర్పు కంటె ముందుజాగ్రత్తే రక్ష. ఎడమచేతి బొటనవ్రేలు ముందు పిడి క్రిందుగా చుట్టి పట్టుకోవటం, రంపపు తలానికి ఎదురుగా గాక కాస్త ఎడమకు నిలబడటం, భుజాలకు పైన కోయకుండటం, గొలుసు బ్రేకు పనిచేస్తున్నదో లేదో ప్రతిరోజూ పరీక్షించటం నిపుణుల నియమాలు.

ఏ పనికి ఏ రంపం

ఇంజను ఎంత పెద్దదైతే అంత మేలు అనుకోవటం భ్రమ. పడిన కొమ్మలు కోయటానికి 35 నుండి 40 సీసీల ఇంజను, 14 నుండి 16 అంగుళాల బారు, ఎదురుతన్ను తగ్గించే గొలుసు చాలును. తరచుగా వంటచెరకు కోసేవారికి 50 సీసీలు, 18 లేక 20 అంగుళాలు అవసరం కావచ్చు. పెద్ద మానులు కూల్చే వృత్తినిపుణులు 60, 70 సీసీల రంపాలు వాడతారు. పైన పిడి ఉన్న తేలిక రంపం చూడటానికి ముచ్చటగా ఉన్నా, అది చెట్టెక్కి పనిచేసే శిక్షితుల కొరకు మాత్రమే ఉద్దేశింపబడింది. బ్యాటరీ రంపం పొగ వదలదు, శబ్దం తక్కువ. కాని ఎదురుతన్ను దానికీ ఉన్నది.

ఇంధనం, కందెన

రెండు ఘాతాల ఇంజనుకు పెట్రోలులోనే నూనె కలపాలి. 50 పాళ్ళకు ఒక పాలు చొప్పున, గాలనుకు సుమారు 2.6 ఔన్సులు. అమెరికాలో అమ్మే పెట్రోలులో సాధారణంగా 10 శాతం వరకు ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్‌కు నీరంటే మక్కువ. నెలల తరబడి నిలవ ఉంచిన డబ్బాలో చెమ్మ చేరితే, ఇథనాల్, నీరు కలిసి అడుగున వేరే పొరగా విడిపోతాయి. నూనె అధికభాగం పైనున్న పెట్రోలులోనే ఉండిపోతుంది. అడుగు పొరను పీల్చిన ఇంజను కందెన లేక పట్టేస్తుంది. కాబట్టి తాజా ఇంధనం, లేదా ఇథనాల్ లేని ఇంధనం శ్రేయస్కరం. మూసిన గరాజులో పెట్రోలు రంపం నడపరాదు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు.

గొలుసుకు వేసే నూనె తిరిగి రాదు. అంతా మట్టిలోకే పోతుంది. కారులోంచి తీసిన పాత నూనెలో లోహకణాలు, హానికర హైడ్రోకార్బన్లు ఉంటాయి కనుక దానిని వాడరాదు. కనోలా వంటి శాకనూనెలు నేలలో సులభంగా విచ్ఛిన్నమవుతాయి. ఐతే మూకుడు అంచున పాత నూనె జిగురుగా పేరుకున్నట్లే ఇవీ గాలి తగిలి చిక్కబడతాయి. దాచేముందు రంపాన్ని శుభ్రపరచాలి.

కవచం

కాళ్ళకు ధరించే రక్షణ తొడుగు కత్తి దిగని ఇనుపకవచం కాదు. గొలుసు పైగుడ్డను చీల్చగానే లోపలి పొడవైన పోగులు బయటికి లాగబడి, గొలుసును తిప్పే చక్రానికి చుట్టుకొని దానిని ఆపివేస్తాయి. ఈ పోగులలో ముఖ్యమైనది 1965లో స్టెఫనీ క్వోలెక్ డ్యూపాంట్ పరిశోధనశాలలో కనుగొన్న కెవ్లార్. బరువుకు బరువు తూచితే ఉక్కు కంటె అయిదు రెట్లు దృఢమైనది. ఐనా దాని అణుశృంఖలను క్లోరిన్ బ్లీచ్ బలహీనపరుస్తుంది కాబట్టి తొడుగును బ్లీచ్‌తో ఉతకరాదు. ఒకసారి రంపం తగిలిన తొడుగును తిరిగి వాడరాదు. విద్యుత్ రంపాన్ని ఇది ఆపలేకపోవచ్చు.

శిరస్త్రాణం, కంటి రక్షణ, గట్టి బూట్లు, చెవి మూతలు కూడా తప్పనిసరి. అమెరికా వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ సూచన ప్రకారం 100 డెసిబెల్ల శబ్దాన్ని రోజుకు 15 నిమిషాలకు మించి వినరాదు. పెట్రోలు రంపం సాధారణంగా అంతకు మించి ధ్వనిస్తుంది.

ఎక్కడ ఆగాలి

గీతకార్మికుడు మోకు నడుముకు వేసుకొని తాటిచెట్టెక్కటం తెలుగువారు ఎరిగినదే. అమెరికన్ వృక్షనిపుణుడి పద్ధతి కూడా ఆ సూత్రానికి దగ్గరిదే. కాని చేతిలో రంపం ఉన్నప్పుడు ఒక్క తాడు చాలదు. ఎక్కే తాడుతో పాటు నడుము తాడు కూడా బిగించి, రెండుచోట్ల బంధితుడై కోయాలని వారి ప్రమాణం. ఆ శిక్షణ లేనివారు నిచ్చెన మీద నుండి రంపం వాడటం ప్రాణాంతకం.

తుఫానుకు వంగి నొక్కుకుపోయిన కొమ్మలో ఒకవైపు సాగి, మరొకవైపు అదిమి ఉంటుంది. సాగిన వైపు ముందు కోస్తే కొమ్మ చీలి, విల్లు వలె ఎగురుతుంది; అదిమిన వైపు కొద్దిగా కోసి, తరువాత సాగిన వైపు కోయాలి. వేళ్ళతో సహా పడిన చెట్టు మానును కోయగానే మొదలు తిరిగి గోతిలోకి లేవవచ్చు. పిల్లలను ఆ దరికి రానీయరాదు. విద్యుత్ తీగకు పది అడుగుల లోపు చెట్టు ఉంటే విద్యుత్ సంస్థకు తెలపాలి. నిపుణుని పిలిచేటప్పుడు వృక్షశాస్త్ర సంఘపు ధ్రువపత్రం, ప్రమాద బీమా పత్రం రెండూ అడిగి చూడాలి.

కాబట్టి రంపం కొనదలచినవారు తమ సొమ్మును ముందు కాలితొడుగు, శిరస్త్రాణాల మీద, పిదప ఆకురాయి మీద, చివరగా ఇంజను మీద వెచ్చించటం వివేకం. విరిగిన కంచెను మళ్ళీ కట్టుకోవచ్చు.