రాత్రి డ్యూటీలో ఎవరుంటారు

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలిని ఆశీర్వదించి మేనమామ వ్రాయునది.

డల్లాస్ నుంచి అమ్మాయి పంపిన ఉత్తరం చేరింది. హైదరాబాదు శివార్లలోని ఒక మెమరీ కేర్ హోమ్‌ను, అంటే మతిమరుపు వ్యాధి ముదిరినవారిని పగలూ రాత్రీ కనిపెట్టి చూసుకునే వసతిగృహాన్ని, తల్లి కోసం వీడియో కాల్‌లో చూసి ఇష్టపడినట్లు, త్వరలో అడ్వాన్సు కట్టబోతున్నట్లు అందులో ఉంది. ఆ ఉత్తరం రాకముందే విజయవాడలో ఒక పెళ్లి పందిట్లో ‘తల్లిని హాస్టల్లో వేస్తున్నారట’ అన్న మాట మామయ్య చెవిన పడింది. బావగారు పోయినప్పటి నుంచి జరిగినదంతా ఎరిగినవారు ఆ మాట అనరు. ఎరగనివారు అన్నా దానికి జవాబు చెప్పవలసిన పని అమ్మాయికి లేదు. మిల్లు రిపోర్టులు వ్రాసి వ్రాసి తన్ను తాను మూడో మనిషిగానే పేర్కొనే అలవాటు మామయ్యకు ఉద్యోగంతో పాటు పోలేదు కనుక ఈ ఉత్తరం కూడా అలాగే నడుస్తుంది. దానిని కోపంగా భావించకూడదు.

ముందుగా వ్యాధి సంగతి. డిమెన్షియా అనేది ఒకే వ్యాధికి పేరు కాదు; జ్ఞాపకం, ఆలోచన, మాట, దిక్కు తెలివిడి క్రమంగా దెబ్బతిని, మనిషి తన రోజువారీ పనులు తాను చేసుకోలేని స్థితికి వచ్చినప్పుడు కనిపించే లక్షణాలన్నిటికీ కలిపి ఆ పేరు. దానికి కారణమయ్యే వ్యాధులలో, 1906లో ఆలోయిస్ ఆల్జీమర్ అనే జర్మన్ వైద్యుడు మొదట వర్ణించినది అన్నిటికంటే ఎక్కువ మందిలో కనిపిస్తుంది. మెదడు రక్తనాళాలు పూడుకుపోవడం వల్ల వచ్చేది మరొకటి. నాడీకణాలలో ఒక రకం ప్రోటీను ముద్దలుగా పేరుకోవడం వల్ల వచ్చే లూయీ బాడీ రకం ఇంకొకటి. మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మంది, అంటే సుమారు 88 లక్షల మంది, డిమెన్షియాతో జీవిస్తున్నారని 2023లో వెలువడిన ఒక జాతీయ అధ్యయనం అంచనా కట్టింది కాబట్టి, ఇది ఈ ఒక్క ఇంటికే వచ్చిన కష్టమని అమ్మాయి కుమిలిపోవలసినది లేదు. అయితే చెల్లెలి కాగితాలలో డాక్టరు ‘డిమెన్షియా’ అని మాత్రమే వ్రాసి, ఏ రకమో వ్రాయకుండా వదిలేశారు. హోమ్‌లో చేర్చేలోగా ఆ ఖాళీ పూరించి తీరాలి. ఎందుకంటే లూయీ బాడీ రకం ఉన్నవారికి హాలోపెరిడాల్ వంటి మందులు ఇస్తే ఒళ్లు బిగుసుకుపోయి ప్రాణం మీదికి రావచ్చు, ఆ మందులు ఇవ్వాలని ఎవరికైనా బుద్ధి పుట్టేది సాధారణంగా రాత్రి వేళనే.

రాత్రి అనగానే మామయ్య మిల్లు కథలు మొదలయ్యాయని అమ్మాయి నవ్వుకుంటుందని తెలుసు. నవ్వుకున్నా ఈ ఉత్తరంలో అసలు విషయం అదే.

మెదడు అడుగుభాగంలో నిద్రకూ మెలకువకూ వేళలు నిర్ణయించే చిన్న నాడీకేంద్రం ఒకటి ఉంటుంది. ఆల్జీమర్స్ వ్యాధిలో అది కూడా శిథిలమవుతుంది కనుక రోగికి పగలు కునుకు, రాత్రి మెలకువ అవుతాయి. పొద్దు వాలే వేళకు కలత, అనుమానం, ‘ఇంటికి పోతాను’ అన్న పట్టుదల పెరగడాన్ని వైద్యులు సన్‌డౌనింగ్ అంటారు. అమ్మాయికి తాతమ్మ సంగతి విన్న గుర్తు ఉండే ఉంటుంది: ఆవిడ దీపాలు పెట్టే వేళకు చీరలు మూట కట్టుకుని పుట్టింటికి ప్రయాణమయ్యేది; ఎవరూ అడ్డుచెప్పేవారు కాదు; తాతయ్య వెంట నడిచి చెరువుగట్టు చుట్టూ తిప్పి, మళ్లీ అదే గుమ్మం ముందుకు తెచ్చి ‘వచ్చేశాం’ అంటే ఆవిడ తృప్తిగా లోపలికి వెళ్లేది. ఆ వైద్యం ఏ పుస్తకంలోనూ చదివి చేసినది కాదు గాని, రోగి మాటను ఖండించకుండా దృష్టి మళ్లించాలన్న నేటి శిక్షణ సూత్రానికి సరిగ్గా సరిపోతుంది. ఇప్పుడు చెరువుగట్టూ లేదు, చూసి పలకరించే వీధీ లేదు. అపార్టుమెంటు ఆరో అంతస్తులో ఒంటరి ఆయాకు ఆ పని అప్పగించడం న్యాయమూ కాదు. అందువల్ల హోమ్ అనే నిర్ణయాన్ని మామయ్య తప్పు పట్టడం లేదు. తప్పు పట్టేది దానిని పగటి వెలుతురులో మాత్రమే చూసి ఎంచుకోవడాన్ని.

గోదావరి జిల్లాలో ఒక చక్కెర మిల్లులో మామయ్య కెమిస్టుగా చేరిన కొత్తలో, క్రషింగ్ సీజను నడిచినన్నాళ్లూ రాత్రి షిఫ్టులే పడేవి. చెరకురసంలో కరిగిన ఘనపదార్థాల శాతాన్ని బ్రిక్స్ అంటారు. దానిని గంట గంటకూ కొలిచి రిజిస్టరులో ఎక్కించాలి. తెల్లవారుజామున కళ్లు మూతలు పడే వేళకు, కొలవవలసిన అంకెలను కొలవకుండానే ముందుగా వ్రాసిపెట్టి బల్ల మీద తల వాల్చే కుర్రవాళ్లు ఉండేవారు. చీఫ్ కెమిస్టు గారు చెప్పాపెట్టకుండా సైకిలు మీద వచ్చి, యంత్రాలను గాని మనుషులను గాని చూడకుండా తిన్నగా రిజిస్టరు తెరిచేవారు. నిజంగా కొలిచిన అంకెలు కాస్త పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి, కూర్చుని వ్రాసిన అంకెలు బుద్ధిమంతుల్లా ఒకే వరుసలో నిలబడతాయి. ఆయన వేలు ఆ వరుస మీద ఆగినప్పుడు ఎదురుగా నిలబడిన కుర్రవాడి మొహం ఎలా ఉండేదో, ఆ షిఫ్టు కాఫీ ఎంత చేదుగా ఉండేదో, బెల్లపు వాసన బట్టల్లోంచి సీజను ముగిసినా ఎందుకు పోయేది కాదో చెప్పుకుంటూ పోతే ఈ ఉత్తరం బరువెక్కుతుంది.

ఇంతకీ చెప్పదలచినది ఏమంటే, మంచి హోమ్‌లలో రాత్రిపూట ప్రతి రోగి ఎలా ఉన్నదీ వేళవారీగా వ్రాసే రిజిస్టరు ఉంటుంది. అమ్మాయి దాని పేజీలు అడగాలి. రోజూ అన్ని గళ్లలోనూ ‘నిద్రపోతున్నారు’ అని ఒకే సిరాతో, ఒకే దస్తూరితో ఉంటే అది నిద్రపోయినవాళ్లు వ్రాసినదే. ‘రెండింటికి లేచారు, బాత్రూముకు తీసుకువెళ్లాం, మంచినీళ్లు తాగారు, మళ్లీ పడుకోలేదు’ అని ఉంటే అక్కడ మెలకువగా ఉన్న మనిషి ఉన్నట్లు.

పగలు ఎంతమంది ఆయాలు ఉంటారని కాక, రాత్రి ఎనిమిది దాటాక ఒక్కొక్కరి వంతుకు ఎంతమంది రోగులు వస్తారని అడగాలి. వారిలో మూడేళ్ల జి.ఎన్.ఎం. నర్సింగ్ డిప్లొమా చేసిన నర్సు ఒకరైనా ఉన్నారా, లేక యూనిఫాం వేసిన ఆయానే నర్సమ్మ అంటున్నారా అన్నది తేల్చుకోవాలి. ఉన్నట్టుండి ఒక రాత్రిలో కలవరం ముదిరి మనిషి ప్రేలాపనలోకి దిగితే దానిని డెలీరియం అంటారు, మన పెద్దలు సంధి అన్నది దీనినే. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, నీరు చాలకపోవడం, కొత్త మందు వంటి కారణాలతో వచ్చే ఈ స్థితిని ‘జబ్బు ముదిరింది’ అనుకుని వదిలేస్తే వైద్యంతో నయమయ్యేది కూడా చేయి దాటిపోతుంది. అటువంటి వేళ డాక్టరుకు ఫోను చేసే అధికారం రాత్రి మనిషికి ఉందా, ఆసుపత్రికి ఏ బండిలో ఎవరు తీసుకువెళతారు అన్నవి కాగితం మీద ఉండాలి.

మత్తు సంగతి మరీ ముఖ్యం. మనుషులు తక్కువైన చోట మాత్రలు ఎక్కువవుతాయి. మానసిక వ్యాధులకు వాడే ఆంటీసైకోటిక్ మందులు డిమెన్షియా ఉన్న వృద్ధులలో మరణాల ముప్పును పెంచుతున్నాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే తీవ్రమైన హెచ్చరిక జారీ చేసి, 2008లో దానిని పాతతరం మందులకు కూడా వర్తింపజేసింది. ఎప్పుడూ వాడకూడదని దాని అర్థం కాదు. ఎందుకు, ఎంత మోతాదు, ఎన్నాళ్లు, ఎప్పుడు ఆపుతారు అన్నవి కుటుంబానికి చెప్పి వాడాలని. మంచానికి కట్టివేయడం గురించి 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం స్పష్టంగా ఉంది: రోగికో ఇతరులకో తక్షణ హాని తప్పించడానికి వేరే మార్గం లేనప్పుడు, సైకియాట్రిస్టు అనుమతితో, కారణం నమోదు చేసి మాత్రమే అది చేయాలి, సిబ్బంది చాలకపోవడం కారణం కాకూడదని ఆ చట్టం ప్రత్యేకించి చెప్పింది. ఆ హోమ్ ఈ చట్టం కింద నమోదైనదా అని అడిగినప్పుడు యజమాని నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వాలి.

చెల్లెలికి పసితనంలో చీకటంటే భయం. దొడ్లోకి వెళ్లాలంటే అన్న చొక్కా అంచు పట్టుకునేది. ఈ రాతలోని చాదస్తమంతా అక్కడినుంచే వచ్చిందేమో. అమ్మాయి ఈ మధ్య వేళకు తింటున్నదా? వీడియోలో బాగా చిక్కినట్లు కనిపించింది.

మిగిలినవి క్లుప్తంగా. తెలుగు వచ్చిన ఆయా ఉండాలి. జబ్బు ముదిరేకొద్దీ తరువాత నేర్చిన భాషలు ముందుగా జారిపోవడం చాలామందిలో కనిపిస్తుంది కనుక, ఉద్యోగకాలంలో ఇంగ్లీషు ఎంత ధాటిగా మాట్లాడినా చెల్లెలు చివరికి నిలుపుకొనేది చిన్ననాటి మాటనే. డైపర్లు, మందులు, ఆసుపత్రి ఖర్చు నెలసరి రుసుములో కలిసినవో కావో ముందే వ్రాయించుకోవాలి. అల్లుడు గారు అనుకుంటున్న పవర్ ఆఫ్ అటార్నీ నమ్ముకోదగినది కాదు: 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, ఇచ్చిన మనిషికి మనస్థిమితం పోతే ఆ అధికారం కూడా ముగుస్తుంది, మంచి వకీలును అడగాలి.

ఇక చేయవలసినది. మామయ్య వచ్చే వారం హైదరాబాదు వచ్చి, పగలు కాక రాత్రి భోజనాలయ్యాక ఆ హోమ్‌కు వెళతాడు. గేటు దగ్గర ఆపితే ఆ సంగతే వ్రాస్తాడు. అమ్మాయి దూరాన ఉన్నానని బాధపడుతున్నది గాని, ఈ పనికి ఆ దూరం కలిసివస్తుంది: వేసవి కాలమానంలో డల్లాస్‌లో మధ్యాహ్నం మూడున్నర అయితే హైదరాబాదులో రాత్రి రెండు. ఆఫీసులో కాఫీ వేళకు ఆ హోమ్ నంబరుకు ఫోను చేయాలి. ఎన్ని రింగులకు ఎత్తారో, ఎత్తినవారు ఏ రోగి మెలకువగా ఉన్నారో చెప్పగలిగారో లేదో మామయ్యకు వ్రాయాలి. అడ్వాన్సు అప్పటిదాకా ఆపాలి.

ఇట్లు,
ఆశీస్సులతో
మేనమామ