స్వస్థుడంటే ఎవరు? – చికిత్సానంతరం వృత్తిలోకి పునరాగమనం



సంస్కృతంలో ఆరోగ్యవంతునికి ‘స్వస్థుడు’ అని పేరు. ‘స్వ’ అనగా తన, ‘స్థ’ అనగా నిలిచి ఉన్నవాడు. తనయందు తాను నిలిచినవాడే స్వస్థుడని పదార్థం. సుశ్రుత సంహిత సూత్రస్థానం పదిహేనవ అధ్యాయంలో స్వస్థుని లక్షణం చెప్పబడింది. దోషాలు, జఠరాగ్ని, ధాతువులు, మలక్రియలు సమంగా ఉండాలని చెప్పి ఆచార్యుడు అంతటితో ఆగలేదు. ఆత్మ, ఇంద్రియాలు, మనస్సు ప్రసన్నంగా ఉండాలని కూడా చేర్చాడు. రోగం తొలగినంత మాత్రాన మనిషి స్వస్థుడు కాడని దీని తాత్పర్యం.

ఈ లక్షణాన్ని ఆధారం చేసుకొని, క్యాన్సర్ చికిత్స ముగించుకొని మళ్లీ పనిలో చేరదలచినవారి పట్ల మన కర్తవ్యమేమిటో ఈ మాసం విచారిద్దాం. ఈ పత్రిక చదివేవారిలో దుకాణాలు, మిల్లులు, పాఠశాలలు, కార్యాలయాలు నడిపేవారు అనేకులు. రోగి చికిత్సకు విరాళమివ్వడంలో మీరు వెనుకాడరు. ఆసుపత్రి గడప దాటి వచ్చిన తరువాత అతనికి కావలసినదేమిటన్నదే ఇక్కడి ప్రశ్న.

ఆదరంలోని లోపం

నావద్ద కావ్యాలు చదువుకొన్న ఒక శిష్యురాలు ఒక పాఠశాలలో తెలుగు బోధిస్తున్నది. ఆమెకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. శస్త్రచికిత్స, కీమోథెరపీ, రేడియేషన్ పూర్తిచేసుకొని బడికి వెళ్లింది. యాజమాన్యంవారు ఎంతో ఆదరంగా, “అమ్మా, మీరు ఇంట్లో విశ్రాంతి తీసుకోండి. ఈ సంవత్సరమంతా సగం జీతం పంపిస్తాం” అన్నారట. ఆమె నాతో, “గురువుగారూ, వాళ్లు మంచివారే. కాని ఆ మాట విన్నాక నేనింకా రోగినేనా అనిపించింది. మందులు ఎక్కించుకొన్న రోజుల్లో కూడా నాకింత బెంగ కలగలేదండీ” అన్నది.

ఇందులో దురుద్దేశం లేదు. ధనం ఇచ్చారు, స్థానం ఇవ్వలేదు. కొన్నాళ్లకు ఆమె వైద్యుని లేఖ తీసుకొని వెళ్లి, రోజుకు రెండు తరగతులు మాత్రం ఇమ్మని కోరింది. వారు అంగీకరించారు. ఆ సంవత్సరం చివరకు నాలుగు తరగతులు చెప్పగలిగింది. పిల్లలు ఎదురు వచ్చి నమస్కరించిన నాడు తనకు నిజంగా నయమైనట్లు తోచిందని చెప్పింది. సుశ్రుతుడు చెప్పిన మనఃప్రసన్నత ఇదే.

విడువవలసిన భయాలు

తిరిగి వచ్చినవారికి వేరే గ్లాసు పెట్టడం, పక్కన కూర్చోవడానికి జంకడం ఇప్పటికీ చూస్తున్నాం. సుశ్రుతుడు నిదానస్థానం పదకొండవ అధ్యాయంలో అర్బుదాన్ని వర్ణించాడు. అదే స్థానం ఐదవ అధ్యాయంలో ఒకరినుంచి ఒకరికి సంక్రమించే వ్యాధులను చెబుతూ కుష్ఠం, జ్వరం, శోషం, నేత్రాభిష్యందం పేర్లు చెప్పాడు. అర్బుదం పేరు అక్కడ లేదు. నేటి వైద్యులు కూడా క్యాన్సర్ అంటువ్యాధి కాదనే చెబుతున్నారు. యంత్రం ద్వారా బయటినుంచి ఇచ్చిన రేడియేషన్ ఒంట్లో నిలిచి ఉండి పక్కవారికి సోకదు.

“ఏ జన్మలో చేసిన పాపమో” అనేవారు మరికొందరు. కర్మసిద్ధాంతం నా కర్తవ్యాన్ని నాకు బోధించేది. ఎదుటివాని పాపాన్ని లెక్కకట్టే అధికారం అది నాకివ్వలేదు.

దేహస్థితిని ఎరిగి మెలగడం

జుట్టు తిరిగి వచ్చింది, ముఖం తేటపడింది, ఇక అంతా పూర్వంలాగే అనుకోవడం కూడా పొరపాటే. నిద్రపోయినా తీరని అలసట నెలల తరబడి ఉండవచ్చు. కొందరికి ఏకాగ్రత, జ్ఞాపకం కొంతకాలం మందగిస్తాయి. కొన్ని మందుల వల్ల వేళ్లు, పాదాలు తిమ్మిరెక్కుతాయి. చంకలోని లింఫు గ్రంథులు తీసివేసినవారికి ఆ వైపు చేయి వాచే అవకాశం ఉంది. నోటి క్యాన్సర్‌కు చికిత్స పొందినవారికి నోరు ఎండిపోతూ ఉంటుంది, మాటిమాటికి నీరు కావాలి. మలసంచి ధరించినవారికి దగ్గరలో శుభ్రమైన మరుగుదొడ్డి ఉండాలి.

కనుక యజమాని మొదట చేయవలసినది అడగడం. “మీరు ఏ పని చేయగలరు, దేనికి సాయం కావాలి?” అని ఏకాంతంలో అడగాలి. వైద్యుని సలహాతో మొదట కొన్ని గంటలు, తరువాత సగం రోజు, ఆపై పూర్తి దినం పని ఇవ్వాలి. బరువులెత్తే పనికి బదులు కూర్చొని చేసే పని ఉంటే అది చూపాలి. తదుపరి పరీక్షలకు వెళ్లే రోజున సెలవు అడిగించుకోకుండానే ఇవ్వాలి. వ్యాధి వివరం ఆ మనిషి అనుమతి లేకుండా ఎవరికీ చెప్పరాదు. తోటివారు పరామర్శ పేరుతో భయం పుట్టించే కథలు చెప్పకుండా చూడాలి. ఇంకా విశ్రాంతి కావాలన్నవారిని తొందరపెట్టకూడదు. నిర్ణయం వారిది.

చట్టంలోని ఆసరా

ఇ.ఎస్.ఐ. పరిధిలోని ఉద్యోగులకు అర్హతలను బట్టి అనారోగ్య కాలంలో సంవత్సరానికి 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం లభిస్తుంది. క్యాన్సర్ వంటి దీర్ఘవ్యాధులకు 80 శాతం చొప్పున రెండేళ్ల వరకు పొడిగించే వీలున్నది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం స్వరపేటిక తొలగింపు వల్ల కలిగే శాశ్వత వాగ్లోపాన్ని వైకల్యంగా గుర్తించింది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం కలిగినవారిని ఆ కారణంగా ప్రభుత్వ సంస్థలు తొలగించరాదని, పాత పనికి తగకపోతే అదే వేతనశ్రేణిలో వేరొక పని చూపాలని ఆ చట్టం చెబుతున్నది. వాక్కే జీవనాధారంగా బ్రతికిన నావంటివాడికి ఈ నియమం విలువ బాగా తెలుస్తుంది. గొంతు పోయిన పండితుడు ప్రతులు పరిష్కరించగలడు, పంచాంగం గణించగలడు. విద్య గొంతులోనే ఉండదు కదా!

దాతలకు విన్నపం

ఇ.ఎస్.ఐ. గాని, సెలవు గాని లేనివారు మనలో ఎక్కువ. పూలు కట్టేవారు, బట్టలు కుట్టేవారు, కూలికి పోయేవారు పనిలేని నాడు పస్తుంటారు. ఆసుపత్రి బిల్లు కట్టిన దాత అక్కడితో పుణ్యం పూర్తయిందనుకోరాదు. కాలితో తొక్కలేని దర్జీకి కుట్టుమిషనుకు మోటారు అమర్చండి. ఎక్కువసేపు నిలబడలేని పూలమ్మికి ఎత్తైన పీట, ఎండ తగలని నీడ ఏర్పాటు చేయండి. పరీక్షలకు పోయివచ్చే బస్సు ఖర్చు ఇవ్వండి. ఇవి చిన్న సొమ్ములే. వీటివల్ల ఒక సంసారం మళ్లీ తన కష్టం మీద తాను నిలుస్తుంది.

మీ సంస్థలో చికిత్సకని వెళ్లి, ఇంకా తిరిగి రానివారు ఎవరైనా ఉన్నారేమో ఒకసారి జ్ఞప్తికి తెచ్చుకోండి. ఉంటే ఈ వారమే కబురు పంపి, “మీ చోటు మీకోసం ఉంచాం” అని చెప్పండి. స్వామివారు మీ అందరికీ ఆయురారోగ్యాలు ప్రసాదించుగాక!