మోటారు పడవ పొగగొట్టంలో నీళ్ళెందుకు?

తాండూరులో నాపరాళ్ళను కోసే యంత్రాన్ని చూశారా? గిరగిర తిరిగే రంపపు బిళ్ళ మీద నీటిధార ఆగకుండా పడుతూ ఉంటుంది. రాపిడికి పుట్టే వేడిని నీరు మోసుకుపోతుంది. రాతిపొడిని పైకి లేవనివ్వదు. ఇదే ఉపాయాన్ని మోటారు పడవలో మీరు ఊహించని చోట వాడతారు. ఇంజను పొగగొట్టం లోపల!

వికారాబాద్ దగ్గరి కోట్‌పల్లి జలాశయంలో తెడ్లతో నడిచే పడవలకు ఈ గొడవ లేదు. పొలంలోని డీజిల్ ఇంజనుకూ లేదు. దాని గొట్టం చుట్టూ గాలే కదా! పడవలో మాత్రం ఇంజను తరచు నేలపలకల కింద, మూసిన అరలో ఉంటుంది. బరువు లాగుతున్న డీజిల్ ఇంజను నుంచి వచ్చే వాయువుల వేడి 400 డిగ్రీల సెంటీగ్రేడు దాటవచ్చు. చెక్క, నూనె ఉన్న చోట అంత వేడి గొట్టం ప్రమాదమే. కొన్ని లాంచీలలో దానికి వేడి తగలని తొడుగు చుట్టి, కప్పు పైకి లేపుతారు. విహారానికి వాడే చిన్న పడవల్లో అందుకు చోటుండదు.

అందుకని ఇంజనును చల్లబరచి వచ్చిన నీటినే ఆ గొట్టంలోకి చిమ్ముతారు. మరిగే నీరు ఒక గ్రాము ఆవిరి కావడానికి సుమారు 540 కేలరీల వేడి కావాలి. కొంత నీరు ఆవిరైతే చాలు, వాయువులు చప్పున చల్లబడతాయి. అక్కడినుంచి గట్టి రబ్బరు గొట్టమే సరిపోతుంది. చప్పుడూ తగ్గుతుంది.

అసలు చిక్కు ఇప్పుడు వస్తుంది. ఆ నీరు వెనక్కి నడిచి సిలిండరులో చేరితే? గాలిని నొక్కవచ్చు; నీరు దాదాపు నొక్కుకోదు. పైకి వచ్చే పిస్టన్ నీటికి తగిలి ఆగితే, దాని కడ్డీ వంగిపోవచ్చు.

కాబట్టి గొట్టాన్ని అమర్చేవారు ముందుగా పడవ బయట నీటిమట్టం ఎక్కడుందో చూస్తారు. గొట్టాన్ని ఆ మట్టానికి బాగా పైకి లేపి, వంచి, కిందికి దిగే వైపున నీటిని చిమ్ముతారు. అక్కడినుంచి అది పల్లంగానే సాగాలి. ఇంజను నీటిమట్టానికి కిందుంటే మధ్యలో ఒక తొట్టి పెడతారు. ఇంజను ఆగినప్పుడు గొట్టంలో మిగిలిన నీరు అందులో నిలుస్తుంది. మళ్ళీ నడిచినప్పుడు వాయువులే దాన్ని బయటికి నెడతాయి. నీరు తెచ్చే సన్నగొట్టాన్నీ నమ్మకూడదు. ఇంజను ఆగినా అది సైఫనులా నీటిని లాగుతూనే ఉండవచ్చు. అందుకే దాని వంపు శిఖరాన గాలిని లోపలికి వదిలే కవాటం ఉంచుతారు.

గొట్టం ఎంత లావుండాలి? వ్యాసం సగమైతే వాయువులకు దారి సగం కాదు, నాలుగో వంతే మిగులుతుంది. దారి చాలక ఇంజను ఉక్కిరిబిక్కిరై శక్తి తగ్గుతుంది. ఇంజను తయారుచేసినవారు చెప్పిన కొలతకు తగ్గరాదు.

ఒక్క సంగతి మరువకండి. నీరు వేడిని తీస్తుంది గాని విషాన్ని తీయదు. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా లేవు. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. పెట్రోలు ఇంజను పొగలో ఇది మరీ ఎక్కువ. పడవ ముందుకు పోతుంటే వెనుక గాలి సుడి తిరిగి, పొగను పడవలోకే లాగవచ్చు. పొగ వచ్చే రంధ్రం దగ్గర కూర్చోకండి, ఇంజను నడుస్తుండగా అక్కడ ఈదకండి.

సైఫను సంగతి ఇంట్లోనే చూడవచ్చు. బల్లమీద నీళ్ళ బకెట్టు, కింద ఖాళీ బకెట్టు పెట్టండి. ప్లాస్టిక్ గొట్టాన్ని నీటితో నింపి, రెండు కొసలూ వేళ్ళతో మూయండి. ఒక కొసను పై నీటిలో ముంచి, రెండోదాన్ని కింది బకెట్టులో వదలండి. నీరు తనంత తానే పారుతుంది. ఇప్పుడు వంపు శిఖరాన మేకు పట్టేంత బెజ్జం చేసి చూడండి.