రాంచీకి రాస్తే పనవుతుందా?

గమ్హరియా

చిరంజీవి ప్రవీణకు,

కాదమ్మా, పనవదు. నీ ప్రాజెక్టు వ్యాసం మొదటి పేజీలో గీసిన నిచ్చెన చూశాను. అన్నిటికంటే పైన పోపుగారు, ఆయన కింద రాంచీ అగ్రపీఠాధిపతి, ఆయన కింద జంషెడ్‌పూర్ మేత్రాణులు (బిషప్పు), అట్టడుగున మన విచారణ (పారిష్) గురువులు. పక్కనే నీ ప్రశ్న: ‘గమ్హరియా వాళ్ళకి ఏదైనా ఇబ్బంది వస్తే బిషప్పుగారి దగ్గర ఆగడం ఎందుకు, నేరుగా రాంచీకే రాసుకోవచ్చు కదా?’ ప్రశ్న మంచిదే, నిచ్చెనే తప్పు. బీడీఓ వినకపోతే డీసీకి, డీసీ వినకపోతే కమిషనర్‌కి చెప్పుకునే అలవాటుతో నువ్వు శ్రీసభను కూడా అలాగే చదివావు. ఆ ఒక్క పొరపాటు వల్ల నీ తర్వాతి నాలుగు పేజీలూ పక్కదారి పట్టాయి.

1983 నాటి శ్రీసభ చట్టాన్ని తీసి చూడు. అగ్రపీఠాధిపతికి తన ప్రావిన్సులోని ఇతర మేత్రాసనాల మీద ఉన్న అధికారం చాలా కొద్దిది. అక్కడ విశ్వాసం, క్రమశిక్షణ సవ్యంగా సాగుతున్నాయా అని కనిపెట్టి ఉండాలి, తేడా కనిపిస్తే పోపుగారికి తెలియజేయాలి. అక్కడి మేత్రాణులు విచారణల సందర్శన మానేస్తే, రోము ఒప్పుకున్నాకనే ఆ పని తాను చేయవచ్చు. పీఠం ఖాళీ అయి, అక్కడి గురువుల మండలి ఎనిమిది రోజుల్లోగా నిర్వాహకుణ్ణి ఎన్నుకోకపోతే అప్పుడు తాను నియమిస్తారు. ఏ గుడిలోనైనా బలిపూజ చేయవచ్చు గానీ, ప్రధాన దేవాలయమైతే ముందుగా స్థానిక మేత్రాణులకు కబురు చెప్పాలి. ఇంతకు మించిన పరిపాలనాధికారం ఆయనకు లేదని చట్టమే తేల్చేసింది. కనుక మన విచారణ గురువును బదిలీ చేయడం, మన గుడి జమాఖర్చులు అడగడం రాంచీ పని కాదు. ఆ పనులు జంషెడ్‌పూర్ మేత్రాణులవి. ఆయన జవాబు చెప్పుకోవలసింది పోపుగారికే.

‘మరి 2018లో మన ఫెలిక్స్ తొప్పో గారు జంషెడ్‌పూర్ నుంచి రాంచీ అగ్రపీఠానికి వెళ్ళారు కదా, అది ప్రమోషన్ కాదా?’ అంటావేమో. గౌరవం పెరిగిన మాట నిజం. కానీ ఆ ఒక్క ఉదాహరణతో ఆగిపోకు. మన మొదటి మేత్రాణులు లారెన్స్ పికాచీ గారు 1969లో వెళ్ళింది రాంచీకి కాదు, కలకత్తా అగ్రపీఠానికి. అది వేరే ప్రావిన్సు. 1976లో కార్డినల్ అయింది కూడా అక్కడే. ఇక ఇప్పుడు మన పీఠంలో ఉన్న తెలెస్ఫోర్ బిలుంగ్ గారు రాంచీలో సహాయ మేత్రాణులుగా ఉండి, 2021లో జంషెడ్‌పూర్ మేత్రాణులయ్యారు. ఒకరు ఇటునుంచి అటు, ఒకరు అటునుంచి ఇటు, ఒకరు మరోచోటికి. ఈ నియామకాలన్నీ రోములో జరిగినవే. రాంచీ పై మెట్టు, మనది కింది మెట్టు అయితే ఈ రాకపోకలు ఇలా ఉండవు.

ఇంకో చిక్కు కూడా నీ నిచ్చెనలో ఇమడలేదు. మన గమ్హరియాలోని ఎక్స్‌ఐటీఈ కాలేజీని మేత్రాసనం సంస్థల జాబితాలో వేశావు. అది యేసుసభ గురువులది. వాళ్ళ పెద్ద వాళ్ళ ప్రొవిన్షియల్. మేత్రాణుల సమ్మతి లేకుండా ఏ సభా తన మఠాన్ని మేత్రాసనంలో స్థాపించలేదన్నది నిజమే, కానీ రోజువారీ నిర్వహణ ఆ సభదే. జంషెడ్‌పూర్‌లో వాళ్ళవే అయిన లొయోలా స్కూలు 1947లో, ఎక్స్‌ఎల్ఆర్ఐ 1949లో వచ్చాయి. జంషెడ్‌పూర్ మేత్రాసనం ఏర్పడింది 1962 జులై 2న. అంటే ఈ ఊరికి మేత్రాణులు రాకముందే అమెరికాలోని మేరీల్యాండ్ నుంచి వచ్చిన యేసుసభ గురువులు ఇక్కడ బడులు నడుపుతున్నారు. ఈ తేదీలను పక్కపక్కన పెట్టుకుని ఉంటే ఆ తప్పు రాసేదానివి కాదు. తేదీలు రాసుకోవడం వేరు, వాటిని ఒకదానితో ఒకటి పోల్చి చూడడం వేరు. నీకు రెండోది ఇంకా అలవాటు కాలేదు.

ఇప్పుడు నాకు ప్రాణమైన విషయానికి వస్తాను. కాస్త పొడుగైనా ఓపిగ్గా చదువు. రాంచీ ప్రావిన్సు పటం ఏ అధికారి సౌకర్యం కోసమో గీసింది కాదు. జనం ఎక్కడ పెరిగారో, ఎక్కడికి కదిలారో, దాని వెనకాలే ఆ గీతలు నడిచాయి. నీ వ్యాసం కథను రాంచీలో మొదలుపెట్టింది. అసలు మొదలు మన వైపే, సింహభూమ్‌లో. బెల్జియం గురువు ఆగస్టస్ స్టాక్‌మన్ 1860ల చివర్లో చాయిబాసాలో దిగారు. 1873లో ఆ దగ్గర్లోని ఖూంట్‌పానీలో 28 మంది ముండాలు జ్ఞానస్నానం పొందారు. అప్పటికి ఇదంతా కలకత్తా కిందిదే. 1885లో కాన్‌స్టంట్ లీవెన్స్ గురువు వచ్చాక, తోర్పా కేంద్రంగా ఊళ్ళకు ఊళ్ళే కదిలాయి. అలా పెరిగిన జనం కోసమే 1927 మే 25న రాంచీ మేత్రాసనం ఏర్పడింది. 1951లో నికొలస్ కుజూర్ గారు ఆ పీఠానికి తొలి ఆదివాసీ మేత్రాణులయ్యారు. 1953 సెప్టెంబర్ 19న అది అగ్రపీఠమైంది. మన హైదరాబాద్ అగ్రపీఠమైంది కూడా సరిగ్గా ఆ రోజే. ఇది తప్పకుండా రాయి, మన తెలుగువాళ్ళు చదివితే సంతోషిస్తారు.

ఇక్కడ మీ మాస్టారు ఒక అభ్యంతరం తేవచ్చు. లీవెన్స్ జమీందార్ల మీద కోర్టు కేసుల్లో ఆదివాసీలకు సాయపడ్డారు కాబట్టి జనం చేరారు, అది భూమి కోసం చేరికే తప్ప విశ్వాసం కాదు కదా అని. దాన్ని దాటవేయకు. భూమి గోడు లేకపోతే అంతమంది అంత త్వరగా వచ్చేవారు కాదన్నది ఒప్పుకోవలసిందే. కానీ లీవెన్స్ ఇక్కడ ఉన్నది ఏడేళ్ళే. 1892లో జబ్బుతో వెళ్ళిపోయి, 1893లో బెల్జియంలో కన్నుమూశారు. కేసుల కోసమే వచ్చినవాళ్ళైతే ఆయనతోనే చెదిరిపోవాలి. చెదరకపోగా ఆ సమాజం నుంచే గురువులు, మఠకన్యలు, మేత్రాణులు వచ్చారు. 2003లో కార్డినల్ అయిన తెలెస్ఫోర్ తొప్పో గారూ ఆ మట్టి నుంచి వచ్చినవారే. అయితే రెండోవైపు కూడా రాయాలి. బిర్సా ముండా చాయిబాసాలో జర్మన్ మిషన్ బడిలో చదివి, తర్వాత మిషనరీలను కాదని తన దారి తాను వేసుకున్నాడు. 1908 ఛోటానాగపూర్ కౌలు చట్టం ఘనతనంతా నువ్వు హాఫ్‌మన్ గురువుకి కట్టబెట్టావు. ఆయన పాత్ర పెద్దదే, 1909లో ఆయన పెట్టిన సహకార పరపతి సంఘమూ గొప్పదే. కానీ 1899-1900లో ముండాలు నెత్తురోడ్చిన ఉల్‌గులాన్ తిరుగుబాటు లేకపోతే ఆ చట్టం వచ్చేది కాదు. అలాగే ఛోటానాగపూర్‌కి వచ్చిన తొలి క్రైస్తవులు కథోలికులన్న వాక్యం కొట్టెయ్. గాస్నర్ మిషన్ వాళ్ళు 1845లోనే రాంచీ చేరారు. మన శ్రీసభ మీద ప్రేమ ఉండడం మంచిదే, దాని కోసం ఇంకొకరి చరిత్రను మింగకూడదు.

జనం వెనకాలే గీతలు నడిచాయనడానికి నీకు అన్నిటికంటే బలమైన సాక్ష్యం పోర్ట్ బ్లెయిర్. దాన్ని ఒక్క ముక్కలో తేల్చేశావు. అండమాన్ దీవులు ఎక్కడ, రాంచీ ఎక్కడ? మధ్యలో బంగాళాఖాతం ఉంది. అయినా 1984లో ఏర్పడిన పోర్ట్ బ్లెయిర్ మేత్రాసనం రాంచీ ప్రావిన్సులోనే ఉంది. ఎందుకంటే 1918 నుంచి ఛోటానాగపూర్ ఆదివాసీలు అడవి పనులకు ఆ దీవులకు వెళ్ళారు. అక్కడ వాళ్ళని నేటికీ రాంచీవాళ్ళనే పిలుస్తారు. వాళ్ళతోపాటు వాళ్ళ గుడీ వెళ్ళింది. అటు గుమ్లా, సిమ్‌డేగా 1993లో, ఖూంటీ 1995లో వేరు మేత్రాసనాలయ్యాయి. అక్కడ కథోలికులు మరీ ఎక్కువై, ఒక్క మేత్రాణుల చేతికి అందనంత పని పేరుకుంది. మన జంషెడ్‌పూర్ సంగతి వీటన్నిటికీ భిన్నం. ఇక్కడికి కార్ఖానా జనాన్ని తెచ్చింది. గుమ్లా ఉరావులు, ఇక్కడి హోలు, సంతాలులు, గోవా వాళ్ళు, తమిళులు, మలయాళీలు, మన తెలుగువాళ్ళు, అందరూ ఒకే విచారణలో మోకరిల్లే ఊరు ఇది.

‘పటం జనం వెనకాలే నడిస్తే ప్రభుత్వ సరిహద్దులకు విలువ లేదా?’ అనకు. ఉంది, కానీ అవే తుదిమాట కాదు. పట్నా 1999లో అగ్రపీఠమై బీహార్ మేత్రాసనాలు అటు వెళ్ళాయి, జార్ఖండ్ రాష్ట్రం వచ్చింది ఆ మరుసటి ఏడాది. మన గమ్హరియానే చూడు. ఒకప్పుడు సరాయికేలా సంస్థానం, 1948 తర్వాత సింహభూమ్ జిల్లా, 1990లో పశ్చిమ సింహభూమ్, 2001లో సరాయికేలా ఖర్సావా. ఇన్ని జిల్లాలు మారినా 1962 నుంచి మేత్రాసనం మాత్రం జంషెడ్‌పూరే. మన తెలుగునాట కూడా, 2014లో రాష్ట్రం రెండైనా కడప, కర్నూలు మేత్రాసనాలు హైదరాబాద్ ప్రావిన్సులోనే ఉండిపోయాయి.

కాబట్టి మొదటి పేజీలోని నిచ్చెన తీసెయ్. దాని చోట రాంచీతో కలిపి ప్రావిన్సులోని మేత్రాసనాలన్నిటినీ ఒక పటం మీద గుర్తించి, ఒక్కోదాని పక్కన ఏర్పడిన సంవత్సరం, ఆ జనం ఎక్కడి నుంచి వచ్చారన్నది రాయి. అగ్రపీఠాధిపతి అధికారాల గురించి అర పేజీ చాలు. పోర్ట్ బ్లెయిర్‌కి రెండు పేజీలు ఇవ్వు. మార్చిన ప్రతి నాకు పంపు, మీ మాస్టారికి ఇచ్చేముందు ఒకసారి చూస్తాను. ఎక్స్‌ఐటీఈ గురించి రాసిన పేరా మాత్రం ఇవాళే సరిచెయ్.

ప్రేమతో,
పెదనాన్న