గోనెగుడ్డ నేర్పిన పైకప్పు

అమీర్‌పేట మైత్రీవనం నుంచి పంజాగుట్ట చౌరస్తా దాకా కోచింగ్ సెంటర్లయినా, హాస్టళ్లయినా దాదాపు అన్నీ చదును స్లాబులే. మనలో చాలామంది నాన్నలు, అన్నలు అలాంటి స్లాబులకు సెంట్రింగ్ కొట్టినవాళ్లు, కంకర తట్టలు మోసినవాళ్లు. మా ఇళ్లలో మొదటి డిగ్రీ మాదే గానీ, కాంక్రీటు పాఠం మాత్రం అంతకుముందే ఇంటికొచ్చింది.

కాంక్రీటును నొక్కితే ఎంతో ఓర్చుకుంటుంది. లాగితే సుమారు అందులో పదోవంతు బలానికే పగులుతుంది. స్లాబు బరువుకు వంగినప్పుడు దాని అడుగుభాగం సాగుతుంది. అక్కడ ఇనుప చువ్వలు వేసేది అందుకే. మరి లాగుడే లేని కప్పు వేయగలమా?

1950లలో రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థలో జి.ఎస్. రామస్వామి, ఆయన సహచరులు ఒక ఉపాయం చేశారు. చెక్క చట్రానికి గోనెగుడ్డ బిగించి, దానిమీద పలుచగా కాంక్రీటు పరిచారు. ఆ తడి బరువుకు గుడ్డ తనంతట తానే కిందికి వంగింది. గుడ్డకు లాగుడు తప్ప మరొకటి తెలియదు కదా! కాంక్రీటు గట్టిపడ్డాక దాన్ని బోర్లించారు. అంతే, లాగుడు కాస్తా నొక్కుడైంది. ఇలాంటి పలుచని వంపు కప్పునే షెల్ అంటారు. వేలాడే గొలుసును తలకిందులు చేస్తే నిలిచే కమాను వస్తుందని రాబర్ట్ హుక్ 1675లోనే చెప్పాడు. దాన్ని మేస్త్రీ చేతికి అందే పనిగా మార్చడమే రామస్వామి గొప్పతనం. పెంకులను నేలమీదే పోసి, పైకెత్తి దూలాల మీద కూర్చి, సందులు కాంక్రీటుతో నింపితే చాలు. కింద అంతటా సెంట్రింగ్ అక్కర్లేదు.

ఒక్క జాగ్రత్త. వంపు తన అంచులను బయటికి తోస్తుంది. ఆ తోపుడును ఆపడానికి చుట్టూ అంచు దూలం, అందులో చువ్వ ఉండాల్సిందే. "ఇనుమే అక్కర్లేదు" అని పరీక్షలో రాస్తే మార్కులు పోతాయి.

1965లో ఏర్పడిన స్ట్రక్చరల్ ఇంజనీరింగ్ పరిశోధన కేంద్రానికి ఆయన డైరెక్టరయ్యారు. షెల్ కప్పుల మీద ఆయన రాసిన ఇంగ్లీషు పుస్తకం 1968లో వచ్చింది. మెక్సికోలో షెల్‌లు కట్టిన ఫెలిక్స్ కాండెలా పేరు ఆర్కిటెక్చర్ విద్యార్థులకు తెలుసు. రామస్వామి పేరు సివిల్ క్లాసు దాటి రాదు. మేడమీద మేడ వేయాలనే మన ఆశ కూడా చదును స్లాబుకే ఓటేసిందని మా అనుమానం. నిజానికి వంపుల మధ్య పల్లాలు నింపి చదును చేస్తే, దానిమీద అంతస్తు వేసుకోవచ్చు.

తమ్ముళ్లూ, నాలుగు కర్రలు, నూనె రాసిన గుడ్డ, కొంచెం ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ఉంటే మీరూ చేయొచ్చు. అంచులు మందంగా పోసి రెండు పెంకులు చేయండి. ఒకటి బోర్లించి, రెండోదాన్ని వెల్లకిలా అంచుల మీద నిలిపి, రెండింటి మధ్యలో ఒక్కో ఇటుక పెట్టి చూడండి.